మగదిక్కు లేని రోటి పురుగులు

మొన్న క్లేటన్‌లో యూనికి, అదే యూనివర్సిటీకి పోయే నా మనవరాలు ఈ పరాయి దేశంలో ట్రుగనీనాలోని మా ఇంటికొచ్చి, ఫోన్‌లో ఒక పురుగుని చూపించి "అమ్మమ్మా, దిస్ ఈజ్ రోటిఫర్" అంది. తల మీద చక్రాలు గిర్రున తిరుగుతున్నట్టుంది, వెనకాల గుడ్లు మోసుకుంటోంది. వయసులో ఉన్నప్పుడు మా సముద్రపొడ్డున రొయ్య పిల్లల్ని తీసే హేచరీలో, ఆ పిల్లలకి తిండిగా పెంచే ఈ కంటికానని పురుగులకి మేత పోసిందాన్ని నేనే గానీ, ఏనాడూ వాటి మొహం చూసింది లేదు, తొట్టిలో నీళ్ళు పిండి కలిపినట్టు మసగ్గా ఉంటే బతికున్నాయనుకోవడమే.

నాకు చదువు రాదు, ఇదంతా నేను చెప్తుంటే ఫోనే రాసుకుంటోంది, తప్పులుంటే మీరే సర్దుకోండి. పనిలో చేరిన రోజు రోటిఫర్ అంటే నాకు రోటి పురుగు అని వినబడి, పురుగు పట్టిన రోలెక్కడుందా అని షెడ్డంతా వెతికాను. ఆడాళ్ళు పడీపడీ నవ్వారు, తర్వాత అందరికీ అదే పేరైపోయింది.

మా ఆయన పోయి ఏడాది తిరక్కుండానే బావగారు వచ్చి, మగదిక్కు లేని కొంపలో ఆడపిల్ల ఎలా పెరుగుతుంది, మాకిచ్చెయ్ అని కూర్చున్నారు. ఆ పిల్ల తప్ప నాకింకేముంది? ఆ రోజుల్లోనే మా సూపర్‌వైజరు రోటి పురుగుల తొట్టి చూపించి, ఇవన్నీ ఆడవేనమ్మా, మగది లేకుండానే తల్లి పిల్లని కంటుంది, ఆ పిల్ల మళ్ళీ పిల్లని కంటుంది అని చెబితే, పక్కనున్నావిడ "అయితే మీ బావగార్ని తీసుకురా వదినా, వీటిక్కూడా మగదిక్కు చూపిస్తాడు" అంది. అందరితోపాటు నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. బావగారు మళ్ళీ వచ్చినప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "రోటి పురుగు పాటి చెయ్యనా బావగారూ? నా పిల్లని నేనే పెంచుకుంటాను" అన్నాను. ఆయనకి ఒక్క ముక్కా అర్థంకాక, దీనికి పిచ్చెక్కిందనుకుంటూ వెళ్ళిపోయారు. పిల్ల నాకు మిగిలింది.

మనవరాలు ఇంకో సంగతి కూడా చెప్పింది. నీళ్ళలో ఇవి కిక్కిరిసిపోయి కష్టకాలం వస్తే అప్పుడు మగవి పుడతాయట, వాటికి తినడానికి పేగు కూడా ఉండదట, జతకట్టి పోతాయట. ఆ జతకి పుట్టిన గుడ్లు మాత్రం గట్టి పెంకుతో అడుగు బురదలో ఏళ్ళకేళ్ళు పడుంటాయట. మా ఆయన గుర్తొచ్చాడు. సరిగ్గా తిన్నదీ లేదు, ఉన్నదీ లేదు, ఒక్క పిల్లనిచ్చి పోయాడు.

అల్లుడు ఎప్పుడో విడిపోయాడు, ఇప్పుడీ ఇంట్లో అందరం ఆడవాళ్ళమే. కూతురు వేర్‌హౌస్‌లో షిఫ్టుకి పోతుంది, నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. మగదిక్కు అన్న మాట ఇక్కడెవరూ అనరు, అది వినబడకూడదనే కదా అప్పుడంత పెనుగులాడాను. కానీ అలసిపోయానండీ. అప్పట్లో ఆ మాట అనడానికైనా మా గడపలోకి ఒక మనిషి వచ్చేవాడు. ఇక్కడ తలుపు చప్పుడైందని మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి తీస్తే, పార్సిలుంటుంది, మనిషుండడు.