ఏముందిలెండి గారు

మా రంగుల ఫ్యాక్టరీలో ఒకాయన ఉండేవారు. నలుగురూ కలిసి ఒక ఆటగాడినో, ఒక తినే వస్తువునో మెచ్చుకుంటే చాలు, ఆయనకి అనుమానం వచ్చేది. ఇద్దరు మెచ్చుకుంటే ఊరుకునేవారు. ముగ్గురైతే కుర్చీలో ఇబ్బందిగా కదిలేవారు. నాలుగోవాడు నోరు విప్పాడో, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "అందులో ఏముందిలెండి!" అనేవారు. ఆ మాట అనీ అనీ ఆయన అసలు పేరు అరిగిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి కూడా "ఏముందిలెండి గారు ఇంకా రాలేదండీ" అనేవాడు. చివరికి ఆయనే ఫోనెత్తి, "నేనండీ, ఏముందిలెండిని" అని చెప్పుకునేదాకా వచ్చింది వ్యవహారం.

ఆయన ఉద్యోగం రంగుల పరీక్ష గదిలో. కొత్తగా కలిపిన రంగుని రేకు మీద పూసి, పాత రేకు పక్కన పెట్టి, రెండూ ఒకటేనా కాదా అని తేల్చాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెలుపుని అనుమానించి జీతం తీసుకునే మనిషి, భోజనాల వేళకి మాత్రం ఎలా మారతాడు?

భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల మాది. ఆయన, స్టోర్సు చూసే పెద్దాయన, బిల్లింగు సెక్షన్ మేడమ్, డబ్బాల మీద లేబుళ్ళ సంగతి చూసుకునే నేను. మిగతా బల్లల దగ్గర జనం అన్నం తినేవారు. మా బల్ల దగ్గర విచారణ జరిగేది.

ఒకసారి మేనేజరు గారమ్మాయి పరీక్ష గట్టెక్కిందని బల్లకో కేకు వచ్చింది. నేను మూత తీశాను.

"గురువుగారూ, కేకు!"

"కనిపిస్తూనే ఉంది. ఎందుకంత నల్లగా ఉంది?"

"చాక్లెట్ అండీ."

"నా అనుమానమూ అదే. మాడినా తెలియకూడదని ఆ రంగు వేస్తారు."

"వాసన చూడండి, ఎంత బాగుందో!"

"వాసనతో ఊరిస్తున్నారంటే రుచి మీద వాళ్ళకే నమ్మకం లేదన్నమాట. మంచినీళ్ళకి వాసనుందా? ఎవరైనా తాగడం మానేశారా?"

స్టోర్సు పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు. నేను ముక్క నోట్లో పెట్టుకున్నాను గానీ, మాడిన వాసనేమైనా వస్తోందా అని వెతకడంతోనే సరిపోయింది.

ఐస్‌క్రీమ్ మీద ఆయన ఆరోపణ ఇంకా తీవ్రమైంది. "ముందు నాలుక మొద్దుబారుస్తారు, ఆ తర్వాత బాగుందా అని అడుగుతారు. మొద్దుబారిన నాలుక ఏం సాక్ష్యం చెబుతుందండీ?" తేనె సంగతి ఎత్తితే చెవులు మూసుకునేవారు. "ఈగ కక్కింది సీసాలో పోసి అమ్ముతున్నారు. అదే పని ఇంకే జంతువు చేసినా ఒప్పుకుంటారా మీరు? చెప్పండి, ఒప్పుకుంటారా?" ఒప్పుకోమని మేం ఒప్పుకునేవాళ్ళం.

ఆటల దగ్గరికి వస్తే, ఆయనకి కాలమే ఒక కుట్ర. మా కుర్రకారంతా 'మెరుపు' అని పిలుచుకునే ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడుండేవాడు. ముసలివాళ్ళంతా 'ఉక్కుకాలు' అనే పాతకాలం ఆటగాడి పేరు చెప్పి కళ్ళు తుడుచుకునేవారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని భోజనాల గది రెండుగా చీలిపోయినప్పుడు, ఏముందిలెండి గారు ఇద్దరినీ బోనెక్కించారు.

"ఉక్కుకాలు వందల కొద్దీ గోల్స్ కొట్టాడంటారు. ఎవరు చూశారు?"

"మా తాతగారు చూశారండీ!" అన్నాడొకడు.

"మీ తాతగారికి కంటిచూపు ఎలా ఉండేది?"

వాడు తడబడ్డాడు. "అద్దాలు పెట్టుకునేవారు..."

"రాసుకోండి, సాక్షికి అద్దాలు. పోనీ మెరుపు. వాడికి వేళకి తిండి పెట్టడానికి ఒకడు, కాళ్ళు పట్టడానికి ఒకడు, నిద్రపుచ్చడానికి ఒకడు. అంతమంది నాకున్నా నేనూ మెరిసేవాణ్ణే. ఇద్దరినీ ఒకే మైదానంలో, ఒకే బురదలో, ఒకే బూట్లతో ఆడించండి, అప్పుడు చెబుతాను."

"ఒకాయన పోయి చాలా కాలమైంది కదండీ!"

"అదిగో, సరిగ్గా పోల్చే వేళకి తప్పించుకున్నాడు."

రెండు పక్షాలూ కలిసిపోయి ఆయన మీద పడ్డాయి. ఆయన మజ్జిగ తాగి చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

కానీ ఆయన అనుమానాలన్నిటిలోకీ పెద్దపీట వేసింది ఒక పరుగుపందెం ఆవిడకి. అందరూ ఆవిణ్ణి పరుగుల రాణి అనేవారు. ప్రపంచంలో గెలవాల్సినవన్నీ గెలిచింది. గోడల మీద, బస్సుల మీద, చివరికి మా ఫ్యాక్టరీ డబ్బాల మీద కూడా ఆవిడ బొమ్మే. 'గోడ పోయినా రంగు పోదు' అన్న మాట పక్కన పరిగెత్తుతూ ఉండేది.

మా బిల్లింగు మేడమ్ పడుచుప్రాయంలో ఆ రాణితో కలిసి పరిగెత్తిన మనిషి. దేశమంతటికీ జరిగిన పోటీలో, నాలుగువందల మీటర్ల ఫైనల్లో, రాణి మొదట, ఈవిడ రెండు. మధ్య తేడా ఒక జానెడు. ఆ తర్వాత ఈవిడ మోకాలు దెబ్బతింది. ఆవిడ ప్రపంచం చుట్టి వచ్చింది. ఈవిడ మా బిల్లింగులో చేరింది. ఎవరు కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినా మా బల్ల దగ్గరికి వచ్చి ఒకటే ప్రశ్న.

"మేడమ్, రాణిగారి పరుగు వెనకనుంచి చూస్తే ఎలా ఉండేదండీ?"

మేడమ్ చిన్నగా నవ్వేది. జవాబు చెప్పేలోపే ఏముందిలెండి గారు ముద్ద పక్కన పెట్టేవారు.

"ఆవిడలో ఏముందిలెండి! మా నాన్నగారి కాలంలో ఒకావిడ వట్టికాళ్ళతో బొగ్గుపొడి మీద పరిగెత్తేది. ఆవిడకి ఇప్పటి బూట్లు తొడిగి ఉంటే ఇంక ఆగేది కాదు."

"ఇప్పటికీ పరిగెత్తుతూనే ఉండేదంటారా?"

"మీకేమైనా అనుమానమా?"

అక్కడినుంచి చర్చ బూట్లలోకి, బూట్లలోంచి రబ్బరులోకి, రబ్బరులోంచి ధరల్లోకి వెళ్ళిపోయేది. అడగవచ్చినవాడు ఏం అడగవచ్చాడో మరిచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళేవాడు.

ఇలా ఉండగా ఒక ఆదివారం రొట్టె కోసం మా వీధి చివరి బేకరీకి వెళ్ళాను. మూల బల్ల దగ్గర, గోడవైపు తిరిగి ఒక మనిషి కూర్చున్నాడు. వీపు తెలిసినట్టే ఉంది. కాస్త పక్కకి వంగి చూశాను. ఏముందిలెండి గారు! కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపుతూ, చాక్లెట్ కేకు తింటున్నారు. ముక్క అయిపోయాక కాగితం ప్లేటుని వేలితో తుడిచి ఆ వేలు నోట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత గిన్నెలో ఐస్‌క్రీమ్ వచ్చింది. దాని మీద తేనె.

నేను రొట్టెల బుట్ట వెనక దాక్కుని బేకరీ ఆయన్ని గుసగుసగా అడిగాను. "ఆయన ఎప్పుడూ వస్తారా?"

"ఆదివారం వస్తే ఆయన రావలసిందే! ఆయన రాకపోతే మేం కేకు ఎవరికి చేస్తున్నట్టు?"

నా ఒళ్ళు మండింది. నాలుగేళ్ళుగా నా కేకు ముక్కల్లో మాడు వాసన వెతికించిన మనిషి! ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"గురువుగారూ, మంచినీళ్ళు తాగుతున్నారా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. మూతి మీద తేనె. ఒక్క క్షణం నన్ను, వాకిలిని మార్చి మార్చి చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "స్టోర్సాయనకి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అన్నారు. అంతే. గిన్నె ఖాళీ చేయడం మాత్రం ఆపలేదు.

అందరినీ అనుమానించే మనిషి మీద నాకే అనుమానం పట్టుకుంది. రంగు నమూనా చూపించే నెపంతో ఇంకో రోజు ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, "స్నానానికి వెళ్ళారు, కూర్చో బాబూ" అన్నారు. కూర్చోబోయి ఆగిపోయాను. ఎదుటి గోడ మీద, పెళ్ళి ఫోటో ఉండాల్సిన చోట, పరుగుల రాణి బొమ్మ! నిలువెత్తు, అద్దం కట్టించి ఉంది.

"ఈవిడ...?"

"అయ్యో, ఆవిడ పరుగు టీవీలో వస్తే మా ఇంట్లో తుమ్మకూడదు బాబూ. మా పెళ్ళి ఫోటో వంటింట్లోకి మార్చింది ఆవిడ కోసమే. నేను పరిగెత్తలేదు కదా, ఏం చేస్తాం!"

ఈయన బయటికి వచ్చి, నన్ను చూసి, బొమ్మని చూసి, తువ్వాలు దాని మీద కప్పారు. అది రాణిగారి మోకాళ్ళ దాకే వచ్చింది.

"ఇదేమిటి గురువుగారూ?"

"గోడకి పగులుందండీ. పగులు కనబడకుండా పెట్టాం."

నేను నమ్మలేదు. ఇంత పెద్ద దొంగని పదిమందిలో ఎప్పుడు పట్టిస్తానా అని ఇంటికి వెళుతూ పళ్ళు నూరుకున్నాను.

ఆ పదిమందీ తొందరలోనే చేరారు. ఫ్యాక్టరీ ఆటల పోటీలకి పరుగుల రాణిని పిలిచారు. వెనక పెరట్లో వేదిక కట్టారు. యజమాని ముందు వరసలో కూర్చున్నారు. ఏముందిలెండి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చారు. ఆవిడ కారు దిగుతుంటే ఆయన చేతిలోని కార్యక్రమం కాగితం వణకడం నేను కళ్ళారా చూశాను. 'కానీ, వణుకు! ఇవాళ నీ గుట్టు రట్టు చేస్తా' అనుకున్నాను.

సేల్స్ మేనేజరు మైకు పట్టుకున్నాడు. మనిషి మంచివాడే గానీ మైకు దొరికితే మనిషి కాడు.

"మన అతిథిగారి గొప్పతనానికి సాక్ష్యం మన ఫ్యాక్టరీలోనే ఉంది! బిల్లింగు మేడమ్, రండి, రండి! ఈవిడ చేతిలో ఓడిపోయింది ఈ మేడమే! అప్పుడెలా అనిపించిందో మీరే మైకులో చెప్పండి!"

చప్పట్లు మోగాయి. మేడమ్ లేచింది. అడుగు పడటం లేదు. ముఖంలో ఆ చిన్న నవ్వు కూడా లేదు. నా పక్క కుర్చీ కిర్రుమంది.

"ఆవిడలో ఏముందిలెండి!"

పెరడంతా తిరిగి చూసింది. ఏముందిలెండి గారు నిలబడి ఉన్నారు. యజమాని ముఖం మా ఫ్యాక్టరీలో తయారు కాని రంగుకి తిరిగింది. సేల్స్ మేనేజరు చేతిలో మైకు కుయ్యిమంది.

"కూర్చోండి సార్!" అని గొణిగాడు.

"కూర్చోను. పోలిస్తే సరిగ్గా పోల్చాలి. ఆ ఫైనల్లో మా మేడమ్‌కి పరిగెత్తడానికి చిట్టచివరి బాట ఇచ్చారు. పొద్దున వాన పడింది, ఆ బాటంతా నీళ్ళు. ఈవిడకి మధ్యలో పొడి బాట దొరికింది. అది వదిలెయ్యండి. తుపాకీ పేలకముందే ఈవిడ ఎడమ భుజం కదిలింది. అవునా కాదా అడగండి! జానెడు తేడా అంటే ఆ భుజమంత. ఆ జానెడూ పట్టుకుని ఇన్నేళ్ళుగా మా మేడమ్‌ని ఎలా అనిపించింది, ఎలా అనిపించింది అని అడుగుతున్నారు. ఈవిణ్ణి అడగరేం, వెనకాల అంత దగ్గరగా అడుగుల చప్పుడు వినబడుతుంటే ఎలా అనిపించిందో?"

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, తానేం చేశారో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది. గోడ మీది దేవత ఎదురుగా కూర్చుని వింటోంది.

రాణిగారు మైకు తీసుకున్నారు. "భుజం కదిలింది" అన్నారు.

ఆవిడ ఏముందిలెండి గారి వంక చూసింది.

"రిఫరీ చూడలేదు, నేనూ చెప్పలేదు. మీకెలా తెలిసిందండీ?"

"ఏదో... టీవీలో వస్తుంటే... పనిలో ఉండి, అలా ఓరకంట..."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ మేడమ్ వైపు తిరిగింది. "ఆ రోజు రాత్రి నాకు అన్నం దిగలేదు తెలుసా? మళ్ళీ పోటీలో నువ్వుంటావేమోనని భయం. ఇలా రా, కూర్చో. నీ మోకాలు ఇప్పుడెలా ఉంది?" తన పక్క కుర్చీలో సేల్స్ మేనేజరు పెట్టిన పూలదండ తీసి కింద పెట్టింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు గానీ, మా మేడమ్ అంత గట్టిగా నవ్వుతుందని నాకు ఆ రోజే తెలిసింది. అతిథి నవ్వుతోంది కాబట్టి యజమాని కూడా నవ్వేశారు. ఈయన ఉద్యోగం గట్టెక్కింది.

నేను ఆయన్ని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాను. "ఇంట్లో గుడి కట్టి, ఇక్కడ తిట్లా? అదేమిటండీ?"

"మెల్లగా! మేడమ్ వింటుంది."

"మరి కేకు?"

ఆయన నేలచూపులు చూశారు. "స్టోర్సాయన తీపి తినే తీరు మీరు చూడలేదు. మీరు రాకముందు బల్ల మీద ఏ డబ్బా తెరిచినా మొదటి చెయ్యి ఆయనదే. డాక్టరు మానెయ్యమన్న రోజున ఈ పెద్ద మనిషి, పిల్లాడిలా, నా ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడండీ. అంతటి మనిషి అలా చూస్తుంటే నాకు ముద్ద దిగలేదు. పనికిమాలిన తిండి అని నాలుగు తిడితే, పాపం, నవ్వాడు. ఇంక మానడం ఎలా?"

పట్టిద్దామని వచ్చినవాణ్ణి, ఆయన చొక్కా కాలరు సరిచేసి ఊరుకున్నాను.

అప్పుడే బిల్లింగు మేడమ్ మా వైపు వచ్చింది. చేతిలో రాణిగారి టోపీ. అంచు మీద సంతకం.

"మీకేనండీ."

"నాకెందుకమ్మా?" అన్నారాయన, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

"ఎన్నాళ్ళని దాస్తారు? భుజం కదిలింది నాకే తెలియదు. అదే పందెంలో పరిగెత్తిన దాన్ని! అది కనిపెట్టాలంటే ఆ పందెం ఎన్నిసార్లు చూసి ఉండాలండీ మీరు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత టోపీ అందుకుని, కళ్ళజోడు దించి, సంతకాన్ని వెలుతురుకేసి తిప్పి తిప్పి పరీక్షించారు.

"ఇది ఆవిడే పెట్టిందని ఏమిటమ్మా నమ్మకం?" అంటూ, నూనె అంటకుండా జేబురుమాలుతో జుట్టు గట్టిగా తుడుచుకుని, టోపీ తలకి పెట్టుకున్నారు.