రాజన్న మామ తెల్వదనేవాడు

మొన్న ఒక పాత టీవీ వెనక డబ్బా విప్పగానే ఎండుచేపల నీచులాంటి వాసన ముక్కుకు తగిలింది. లోపలి కండెన్సర్ ఉబ్బి, అందులోని రసం కారి, బోర్డు మీద ఎండిపోతే వచ్చే వాసన అది. ఇప్పుడు నా దుకాణానికి వచ్చేవన్నీ గోడకు తగిలించే పలుచని టీవీలే. అందుకే ఆ వాసన పీల్చి చాలా ఏళ్లయింది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా స్టూలు మీద కూర్చుని రాజన్న మామ గురించే ఆలోచించాను. ఈ పని నాకు నేర్పింది ఆయనే. పనితో పాటు మరొకటి కూడా నేర్పాడు. అది చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి.

పెళ్లయి ముంబై దగ్గరి భివండికి వచ్చేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. జగిత్యాల దగ్గరి పల్లెలో పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నదాన్ని, గైబీ నగర్‌లో ఒక చాలీలో కాపురం పెట్టాను. చాలీ అంటే వరుసగా కట్టిన ఒంటిగది ఇళ్లు. మా ఆయన శ్రీనివాస్ ఒక షెడ్డులో మరమగ్గాలు నడిపేవాడు, పన్నెండు గంటల షిఫ్టు. నేను ఇంటి దగ్గర తానుల మీద వేలాడే దారపు పోగులు కత్తిరించేదాన్ని. పక్క గది రాజన్న మామది. వరసకేమీ కాడు, మా వైపు మనిషి కాబట్టి అందరికీ మామే. మగ్గం చెడితే బాగుచేసే వాణ్ని అక్కడ జాబర్ అంటారు. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో జాబర్‌గా పనిచేసి పనిచేసి ఆయన చెవులు దాదాపు పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. తన గొంతు ఎంత గట్టిగా వస్తుందో తనకు తెలిసేది కాదు. ఆయన ఇంట్లో ఉప్పు అయిపోతే చాలీ అంతటికీ తెలిసేది.

మాకు పాతది కొన్న కలర్ టీవీ ఒకటి ఉండేది. రోజంతా వంచిన తల ఎత్తకుండా దారాలు కత్తిరించే నాకు అదే తోడు. నేను హిందీ నేర్చుకున్నది దాని దగ్గరే. కరెంటు పోవడం, రావడం, వచ్చినప్పుడల్లా వోల్టేజీ ఎగిరిపడడం మా పేటలో రోజూ ఉన్నదే. కొన్నాళ్లకు టీవీ ఆలస్యంగా వెలగడం మొదలుపెట్టింది. ముందు అయిదు నిమిషాలు పట్టేది, తర్వాత అరగంట. ఒకరోజు టిక్ టిక్‌మని చప్పుడు చేస్తూ ఉండిపోయింది, ఇక వెలగలేదు. బజారు నుంచి పిలిపించిన మెకానిక్ డబ్బా విప్పనైనా విప్పలేదు. పిక్చర్ ట్యూబ్ పోయిందన్నాడు, పాత సామానుకు వేసెయ్యమన్నాడు.

గడపలో నిలబడి అంతా చూస్తున్న రాజన్న మామను అడిగాను. "ఏమైంది మామా దీనికి?"

"తెల్వదు," అన్నాడు.

"ట్యూబ్ పోయిందంటున్నడు గద?"

"ఆయనకు గూడ తెల్వదు. ఇప్పితే గద తెలిసేది."

పెద్దమనిషి అంత సులువుగా తెల్వదనడం నేనెప్పుడూ వినలేదు. మా నాన్నకు, మేనమామలకు, బడిలో పంతులుకు అన్నీ తెలుసు. మామ తన గదిలోంచి స్క్రూడ్రైవర్, రెండు తీగలు కట్టిన బల్బు తెచ్చి నా ముందు పెట్టాడు. అంతకుముందు తన సొంత టీవీ పాడైతే నెలల తరబడి విప్పుతూ బిగిస్తూ, బజారులో అడుగుతూ నేర్చుకున్నాడట. ఆయనే చేస్తాడనుకున్నాను. "నీది నువ్వే ఇప్పు," అన్నాడు. "నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. సప్పుడు ఇనరాదు. నీకు రెండూ అయితయి. ఎట్ల జెయ్యాలెనో నేను చెప్త."

ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుందని, దాని రెండు కాళ్లకూ బల్బు తీగలు తాకించి ఖాళీ చేయాలని ఆ రోజు తెలుసుకున్నాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ట్యూబుకు అంటుకున్న లావు తీగ జోలికి పోవద్దని మామ నా మణికట్టు పట్టుకుని చూపించాడు. తర్వాత బోర్డు మీద నిలువుగా నిలబడ్డ, చిన్న డబ్బీల్లాంటి కండెన్సర్లన్నీ ఒక్కొక్కటే చూడమన్నాడు. అన్నిటి నెత్తులూ సాపుగా ఉన్నాయి. ఒక్కదాని నెత్తి మాత్రం వేగిన పూరీలా ఉబ్బి ఉంది. దాని మీద ఉన్నది చదివి కాగితం మీద రాసుకున్నాను. వెయ్యి అంకె, పక్కన వోల్టులు. "వెయ్యి అంటే వెయ్యే తేవాలె. వోల్టులు ఎక్కువున్నా నడుస్తది, తక్కువ ఉండద్దు," అన్నాడు. బజారు నుంచి తెచ్చాను. పక్కన తెల్లగీత ఉన్న కాలు మైనస్, అది బోర్డు మీది మైనస్ రంధ్రంలోకే పోవాలి. వేలు కాల్చుకుని, టంకం ముద్దలుగా పెట్టి, ఎలాగో అతికించాను. స్విచ్ వేశాక మామ టీవీ మీద అరచెయ్యి ఆనించి, "టిక్ టిక్ అంటుందా?" అని నన్ను అడిగాడు.

"లేదు మామా."

బొమ్మ వెంటనే వచ్చింది. నేను ఏడ్చాను. మామ మాత్రం, "అగో, ఆ ముద్దలు తీసి మళ్ల సక్కగ పెట్టు," అని తన గదికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలీలో ఎవరి టీవీ పాడైనా మా ఇద్దరినీ పిలిచేవాళ్లు. ఆయన చూపించేవాడు, నేను చదివేదాన్ని, చేసేదాన్ని, వినేదాన్ని. ఆరేడు నెలలకు నాకు ధీమా వచ్చింది. ధీమా వచ్చాక గీత చూసుకోవడం తగ్గింది. ఒక ఆదివారం ఎదురింటి వాళ్ల సెట్టులో కండెన్సర్ తిరగేసి పెట్టాను. డబ్బా మూయకముందే స్విచ్ వేయించాను. టపాకాయలా పేలింది. వంగి చూస్తున్న మామ కనుబొమ్మ మీద చిట్లి రక్తం కారింది. గదినిండా పొగ, తలుపు దగ్గర పదిమంది. "సామానే ఖరాబుది," అన్నాను నేను, అందరికీ వినిపించేలా.

మామ నా పెదవులు చూశాడు. తువ్వాలు కనుబొమ్మకు ఒత్తుకుంటూ, "ఎందుకు పేలిందో మళ్ల చెప్పు," అన్నాడు.

ఆయన ఎదురుచూస్తూ ఉన్నాడు. చివరికి, "ఉల్టా పెట్టిన. గీత చూడలే," అన్నాను.

"సరే. ఇంకోటి తే," అన్నాడు.

నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. అంతమంది ముందు అడగాలా అనిపించింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే వచ్చి గడపలో కూర్చుని హన్మంతు సంగతి చెప్పాడు. ఏళ్ల కిందట ఆయన పనిచేసే షెడ్డులో హన్మంతు అనే పనివాడు పిలిచి, నాడె, అంటే పోగు మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ దూసుకుపోయే మొనదేలిన కొయ్య, తిన్నగా పోవడం లేదని చెప్పాడట. మామ మగ్గం ఆపించి చూశాడు. కారణం దొరకలేదు.

"దొరకలేదని చెప్పాలె గద బిడ్డా. జాబర్‌ను నేను, నాకు తెల్వదంటే ఇజ్జత్ పోతదనుకున్న. ఏం కాలే, నడిపియ్యి అన్న. నేను గేటు దాటకముందే నాడె ఎగిరింది. కన్ను పోయింది ఆయనది. సామాను పాతదని సేటుకు చెప్పిన. అందరు నమ్మిండ్రు."

ఆయన సన్నగా చెబుతున్నాననే అనుకున్నాడు. చాలీలో సగం మంది విన్నారు.

వర్షాకాలం అయ్యాక ఒకరోజు, "టెంఘర్ పోదాం. హన్మంతు ఇంట్ల టీవీ ఆగిందట," అన్నాడు. టెంఘర్ భివండిలోనే మరో పేట. హన్మంతు ఇంటికి ఆయన అప్పటిదాకా వెళ్లలేదు. ఆటోలో దారంతా సామాను సంచి ఒళ్లోనే పెట్టుకున్నాడు. హన్మంతు తలుపు తీసి, మమ్మల్ని చూసి, పక్కకు తప్పుకున్నాడు. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. అతని భార్య చాయ్ పెట్టింది. రెండు కండెన్సర్లు మార్చాను, గీతలు రెండేసిసార్లు చూసుకున్నాను. టీవీ వెలిగింది. అప్పుడు మామ మంచం అంచున కూర్చుని తనకు తెలిసిన ఒకే గొంతుతో చెప్పాడు.

"హన్మంతూ, ఆనాడు నీ మగ్గానికి ఏమైందో నాకు తెల్వలే. తెల్వకనే నడిపియ్యిమన్న. సామానుది తప్పు కాదు, నాది."

గల్లీలో పిల్లల ఆట ఆగిపోయింది. హన్మంతు తల తిప్పి గోడవైపు చూస్తూ జవాబు చెప్పాడు. మామకు అతని పెదవులు కనిపించలేదు. నావైపు తిరిగి, "ఏమన్నడు బిడ్డా?" అని అడిగాడు.

నా నోటిదాకా ఒక మెత్తని మాట వచ్చింది. ఎప్పుడో మరిచిపోయాడట మామా, అని. ఆ ముసలి ముఖం చూస్తే అదే చెప్పాలనిపించింది. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. ఒక్కొక్క మాటా తెలిసేలా చెప్పాను. "నాకు అప్పుడే ఎర్కే అన్నడు. కోపం పోలేదన్నడు. పోతదో పోదో చెప్పలేనన్నడు. టీవీ మళ్ల ఖరాబైతే రమ్మన్నడు."

మామ తల ఊపాడు. తర్వాత చల్లారిన చాయ్ తాగాడు. తిరిగి వచ్చేటప్పుడు, "మంచిగ చెప్పినవ్," అన్నాడు. అంతే.

ఆ టీవీ మరో రెండుసార్లు పాడైంది. రెండుసార్లూ మామే వెళ్లాడు, రెండోసారి నన్ను పిలవకుండా. మూడేళ్లకు చూపు కూడా తగ్గి ఊరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడని ఫోన్ వచ్చిన రోజు నేనే హన్మంతుకు చెప్పడానికి వెళ్లాను. అప్పటికి మేము టెంఘర్‌కు మారి చిన్న దుకాణం పెట్టుకున్నాము. అతను విని, లేచి వెళ్లి టీవీ కట్టేసి వచ్చి కూర్చున్నాడు.

"ఆఖరికి నా గురించి ఏమన్న అన్నడా?" అని అడిగాడు.

అన్నాడని చెబితే అతనికి ఎంత హాయిగా ఉండేదో నాకు తెలుసు. "తెల్వదు, అన్నా. నేను ఆడ లేకుంటి," అన్నాను.

అతను తల ఊపాడు. భార్యను పిలిచి నాకు అన్నం పెట్టమన్నాడు.

దుకాణంలో మనుషులు డబ్బా విప్పకముందే అడుగుతారు, ఏమైంది, బాగవుతుందా అని. చిటికెలో ఏదో ఒకటి చెప్పే దుకాణానికి కొందరు వెళ్లిపోతారు కూడా. ఇన్నేళ్లయినా, తెల్వదు అనే ఆ ఒక్క మాట అనడానికి నాకు కాస్త సమయం పడుతుంది. అయినా అంటాను.