సుగుణ మేడమ్ ముట్టుకోని ట్యాపు

ఇవాళ మా డాబా మీద చిన్న బీరు పీపాకు గొట్టం బిగిస్తుంటే గ్యాసు బుస్సుమంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళంతా హుషారే. సుగుణ మేడమ్ వచ్చి నా పక్కన నిలబడినట్టు ఉంటుంది. బీచ్ రోడ్డులో నేను పనిచేసిన హోటల్లో బార్ మేనేజరు ఆవిడ. పద్మనాభం ఊరి దగ్గర వరి పండించే ఇంటి నుంచి వచ్చిన నన్ను కౌంటర్ వెనక నిలబెట్టింది ఆవిడే.

మేడమ్ వాళ్ళాయన ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైనప్పుడు ఉక్కునగరం క్వార్టర్లో విందు పెట్టారు. బీరు పోసే పని నాకు అప్పగించారు. సరిగ్గా ఆ రోజే మా నాన్న నన్ను ఊరికి తీసుకుపోవడానికి వచ్చాడు. కూతురు బార్లో పనిచేస్తోందని ఊళ్ళో ఎవరో అన్నారట. మేడమ్ ఆయనకు కుర్చీ వేసి, "ముందు భోంచెయ్యండి అన్నయ్యగారూ, సాయంత్రం మాటాడుకుందాం" అంది.

ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగిన వాళ్ళంతా పెరట్లో చేరారు. ఆటోలో అప్పుడే దిగిన పీపాకు గొట్టం తగిలించి ట్యాపు తిప్పాను. గ్లాసు నిండా నురగే. రెండోదీ అంతే. "ఏటమ్మా, సబ్బు నీళ్ళు పోత్తన్నావా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నాన్న తల దించుకుని సంచీ అందుకున్నాడు.

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. "నాను సెయ్యి పెట్టను. ఎందుకు పొంగుతోందో నువ్వే సూసి సెప్పు."

పీపా తాకి చూశాను. "వెచ్చగా ఉంది మేడమ్. ఆటో కుదుపులు కూడా. గొట్టమేమో ఎండలో ఉంది."

"మరేటి సేద్దాం?"

పీపాను ఐసులో కూరాను, గొట్టాన్ని చుట్టచుట్టి ఐసులోనే పెట్టాను, గ్యాసు తగ్గించాను, గ్లాసులు చన్నీళ్ళతో తడిపాను. అది చల్లబడి కుదురుకునేదాకా మేడమ్ అందరికీ వేయించిన చేపలు వడ్డిస్తూ కబుర్లలో పెట్టింది. మళ్ళీ ట్యాపు దగ్గరికి వెళ్ళాను. భయం భయంగా సగమే తిప్పాను. మళ్ళీ నురగ.

"సగం తిప్పితే నురగే వత్తాది. పూర్తిగా తిప్పు" అంది మేడమ్ మెల్లగా.

గ్లాసు వంచి, ట్యాపు పూర్తిగా తిప్పాను. బంగారు రంగు బీరు గ్లాసు అంచు వెంట సాఫీగా జారింది. నిండబోతుండగా గ్లాసు నిలబెట్టాను. పైన పల్చటి తెల్లటి నురగ. పెరడంతా చప్పట్లు. ఆ తర్వాత నాకు ఊపిరి సలపలేదు. మోచేతుల దాకా తడిసి, నవ్వుతూ పోస్తూనే ఉన్నాను. పెద్దపెద్ద వాళ్ళు కూడా వరసలో నిలబడి, "అమ్మా, నాకొకటి" అని అడిగి పుచ్చుకున్నారు. నాన్న అంతా చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం మేడమే అడిగింది. "అమ్మాయిని తీసుకుపోతారా అన్నయ్యగారూ?"

"అందుకే వచ్చినాను" అన్నాడు నాన్న. చేతిలో సంచీ కింద పెట్టి, "దానికి పని వచ్చు. ఉండనియ్యండి" అన్నాడు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ చూసుకున్న కౌంటర్ నేను చూసుకుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలు తడబడితే నా చేతులు ఊరుకోవు, ముందుకు పోబోతాయి. కానీ ఎదురుగా ఎంతమంది ఉన్నా, వాళ్ళ చేతిలోంచి పని మాత్రం ఇంతవరకు లాక్కోలేదు.