మణెమ్మ పిన్ని పాలు పొంగించిన రోజు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒంటరి ఆడది అద్దె గది వెతికి చూడు అని ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు. మా మణెమ్మ పిన్ని ఈ చోడవరంలోనే మూడేళ్ళలో మూడు గదులు మారింది. తప్పు ఆవిడది కాదు. ఆవిడ చేరిన ప్రతి పెంకుటింటినీ ఎవడో ఒకడు కొని, కూలగొట్టి, షాపులు కట్టి షట్టర్లు పెట్టాడు. పిన్ని నాకు చుట్టం కాదు. పక్క గదిలో ఉండేది, ఇద్దరం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్ళు వండి, మోకాళ్ళు అరిగాక మానేసింది.

ఈసారి మా ఇద్దరి గదులకూ మూడింది. సోమవారం కూలగొట్టడానికి పొక్లెయిన్ వస్తుందని ఓనరు కబురు పంపాడు. నాకు దేవరాపల్లిలో అక్క ఉంది. పిన్నికి ఎవరూ లేరు. ఆదివారంలోగా గది దొరక్కపోతే ఆవిడ మూటలతో రోడ్డు మీదే.

కాళ్ళరిగేలా తిరిగాం. అందరూ అడిగేది ఒకటే: “ఒక్కదానివే ఉంటావా? నీకేటైనా అయితే ఎవరికి సెప్పాలి?” ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పిన్ని మాత్రం “నిజవే కదే” అని మరో గుమ్మం వైపు నడిచేది.

చివరికి ఆదివారం ఆరాధన అయ్యాక, మాడుగుల బస్సులు వెళ్ళే రోడ్డులో అచ్చియ్యమ్మగారనే ఇంటావిడ మేడ దొరికింది. చెరుకు పొలం అమ్మి కట్టిన మేడ, సున్నం వాసన ఇంకా పోలేదు. పైన ఒకే ఒక గది, మూల జానెడెత్తు వంటగట్టు, వెనక బాత్‌రూమ్. పట్నంలో ఇలాంటిదాన్ని స్టూడియో అంటారట. మాకు సింగిల్ రూమే.

“మీవోళ్ళు పాలు పొంగిత్తారేటి?” అని అడిగింది అచ్చియ్యమ్మ.

“పొంగిత్తామమ్మా. ప్రార్థన సేసుకుని పొంగిత్తాం,” అంది పిన్ని.

“అయితే ఇప్పుడే కానీ. కొత్త గది. పాలు పొంగితేనే తాళం ఇస్తాను.”

మూటలు ఆటోలో తెచ్చాం. పిన్ని గట్టు మీద గ్యాస్ పొయ్యి పెట్టింది, గిన్నెలో పాలు పోసింది, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. పాలు లేచాయి. అంచుదాకా వచ్చాయి. అచ్చియ్యమ్మ చేతులు జోడించింది. అంతలో పిన్ని చెయ్యి టక్కున పొయ్యి కట్టేసింది.

పాలు చల్లగా కిందికి దిగిపోయాయి.

“అదేటి! పొంగనేదు!” అచ్చియ్యమ్మ ముఖం మాడిపోయింది. “మొదటి రోజే ఇలగైతే ఎలగమ్మా? వద్దులే, వేరే సూసుకో.”

నాకు ఏడుపొచ్చింది. పిన్ని తన చేతినే తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసుకుంది.

“హాస్టల్లో వండిన సెయ్యమ్మా,” అంది మెల్లగా. “ఇరవై రెండేళ్ళూ పాలు లేస్తే కట్టీడవే. పొంగిపోతే ఆ పూట ఆ గుంటల్లో ఎవరో పిల్లకి తక్కువొచ్చీది. నాను కట్టనేదు తల్లీ, సెయ్యి కట్టీసింది.”

అచ్చియ్యమ్మ కొంగు నడుముకు దోపి, చతికిలబడి, తనే పొయ్యి వెలిగించింది. పిన్ని రెండు చేతులూ పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

“ఇప్పుడెలగ కడతావో సూస్తాను,” అంది.

పాలు లేచాయి. పిన్ని చేతులు అచ్చియ్యమ్మ గుప్పిట్లో గిలగిల్లాడడం నేను చూశాను. పాలు పొంగి, గట్టు మీంచి కారి, కొత్త గచ్చు మీద పడ్డాయి. అచ్చియ్యమ్మ నవ్వుతూ తాళం చేతిలో పెట్టి కిందికి వెళ్ళిపోయింది.

పిన్ని గుడ్డ తీసుకుని గచ్చు తుడిచింది. “గ్లాసుడు పాలు పోయేయే డెబోరా,” అని ముక్కు చీదింది.

అప్పుడే కిటికీలోంచి చూశాను. ఎదురుగా ఉన్న పెంకుటింటి గోడకు టేపు పెట్టి ఎవరో కొలుస్తున్నారు. పిన్ని కూడా చూసింది. ఒక్క మూట విప్పి, చాప తీసి పరుచుకుని కూర్చుంది.

నేను రెండో మూట ముడి మీద చెయ్యి వేశాను.

“దాన్ని ఉండనీవే,” అంది పిన్ని. “ముడి బాగా పడింది. మళ్ళీ అలగ కట్టనేను.”