‘మనం’ సారు

మార్కెట్లో సరుకు దించిన ఖాళీ మిరప బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ ఖమ్మం నుంచి టేకులపల్లి బస్సులో వస్తున్నాను. ముందు సీట్లో ఇద్దరు కోచింగ్ పిల్లలు ఫోన్లో ఏదో కథ చదువుతూ పడీపడీ నవ్వుతున్నారు. “తక్కినోళ్లేరి సారూ?” అన్న ముక్క చెవిన పడగానే నా కడుపు భగ్గున మండింది. రజియా మేడం కథ! మనిషి పోయినా ఆమెకొచ్చే నవ్వులు మాత్రం ఆగవు.

మేడం మా బడిలో తెలుగు చెప్పేవారు, నేను సోషల్. ఇద్దరం కథలు రాసేవాళ్లం. నా కథలు చదివి జనం “బాగుంది సార్” అని ఊరుకునేవారు. ఆమెవి చదివితే కళ్లు తుడుచుకుంటూ నవ్వేవారు. నాకు కావలసింది ఆ నవ్వే. ఒకసారి నా కథ చదివి, “మీ కథలల్ల ఎప్పుడూ మీరే గెలుస్తరేంది సారూ?” అన్నారు. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

పిల్లలు చదువుతున్న ఈ కథలో ఒక సారు ఉంటాడు. ‘నేను’ అనడం ఆయనకు నామోషీ, అన్నింటికీ ‘మనం’. అడవి పల్లెకు “రేపు మనం వస్తున్నం” అని కబురు పెడతాడు. ఎంతమంది వస్తారోనని ఊరివాళ్లు గంపెడు వండిపెడతారు. దిగింది ఒక్కడే. “తక్కినోళ్లేరి సారూ?” అని ముసలమ్మ అడిగితే, అందరూ తానేనని చెప్పలేక, విస్తరి తర్వాత విస్తరి తానే ఖాళీ చేస్తాడు.

అచ్చయిన రోజు స్టాఫ్ రూమంతా ఒకటే నవ్వు. “సర్పంచ్‌కు మంచిగ పెట్టిన్రు మేడం! గాయన సంగతి మనం ఎప్పుడో చెప్పినం” అని, కథలో సారు ఊరి సర్పంచేననుకుని హెడ్మాస్టరు మురిసిపోయారు. నాకు మాత్రం అనుమానం. నలుగురిలో మాట్లాడితే ‘మనం’ అనే అలవాటు నాకూ ఉందాయె.

“నిజం చెప్పున్రి మేడం. గా సారు నేనేనా?”

“అయ్యో, గట్లనుకుంటున్రా! అది నేనే. కొత్తగ నౌకరీ వచ్చినప్పుడు గట్లనే కబురు పెట్టిన. తినలేక సచ్చిన సారూ!”

హమ్మయ్య అనుకోవాలి కదా? కుళ్లుకున్నాను. ఎగతాళికి కూడా నేను పనికిరాలేదా! తన పరువు తానే తీసుకుని ఎంత నవ్వు సంపాదించుకున్నారు! నాకా ధైర్యం ఏ కథలోనూ రాలేదు.

ఆమె సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. గొంతు సవరించుకుని, గంభీరంగా, “రజియా మేడంతోని మనం చానా ఏండ్లు పనిచేసినం” అని మొదలుపెట్టాను. హాలంతా గొల్లున నవ్వింది. కావాలనే అన్నాననుకున్నారు. ఆమె కూతురైతే కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. నేనూ చిలిపిగా అన్నట్టే ముఖం పెట్టి నిలబడ్డాను.

ఆ కుళ్లు ఇంకా పోలేదు. నా బతుకులో జనాన్ని అంతగా నవ్వించింది ఆ ఒక్కసారే. అదీ ఆమె కథతోనే.