పైడయ్య ముందుపన్ను, ఇన్సూరెన్సు కార్డు

1957లో నేను విశాఖపట్నంలో పళ్ళ డాక్టరుని. ఆదివారాలు మాత్రం చోడవరం వచ్చి ఒక అద్దెగదిలో కూర్చునేవాణ్ణి. కాలితో తొక్కే డ్రిల్లు, ఒక చెక్క కుర్చీ, అదే నా ఆసుపత్రి. వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది “పీకేయండి బాబూ” అనేవారే. పన్ను నిలబెట్టమని అడిగిన మొదటి మనిషి వడ్డాది పైడయ్య.

పట్నంలో జూట్ మిల్లులో పని అతనిది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరికొచ్చి సన్నాయి వాయించేవాడు. మిల్లు పొట్టకోసం, సన్నాయి ప్రాణం. పై ముందుపంట్లో కేవిటీ, అంటే పుచ్చు, ఇంకా నరందాకా పోలేదు. తొలిచి తెల్ల సిమెంటుతో పూడిస్తే సరిపోతుంది. దాన్నే ఫిల్లింగ్ అంటాం.

“కూర్చో, ఇప్పుడే చేసేస్తాను” అన్నాను.

“ఒద్దు బాబూ. నాకు మిల్లులో ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డుంది. నా కూలిలోంచే కోసుకుంటన్నారు. ఆ కార్డోళ్ళ డిస్పెన్సరీలోనే సేయించుకుంతాను.”

“అందులో ఫిల్లింగ్ ఉందో లేదో కనుక్కున్నావా? పోనీ, నాకేమీ ఇవ్వకు.”

అతని ముఖం మాడిపోయింది. “ధర్మానికి సేయించుకోడానికి నానేటి దిక్కులేనోడినా? పళ్ళు కూడా సూస్తామని ఆల్లే సెప్పేరు.”

చూస్తామన్న మాట నిజమే. చూసి ఏం చేస్తారన్నది ఎవరూ చెప్పరు. ముందు అడిగి తెలుసుకోమని మరీ మరీ చెప్పాను. సరేనని వెళ్ళాడు. మొండివాడని విసుక్కున్నాను గానీ, అతని రోషం నాకు నచ్చింది.

మాఘమాసంలో మళ్ళీ వచ్చాడు. నోరు తెరిస్తే ముందు సందు.

“ఏం జరిగింది పైడయ్యా?”

“ఫిల్లింగు కార్డులో లేదన్నారు బాబూ. నొప్పికి బిళ్ళలిచ్చేరు. అవి మింగి పన్లోకెల్లేను. సీము పట్టేసింది. అప్పుడు, పీకడమైతే ఉందన్నారు.”

“కట్టుడుపన్ను?”

“అదీ లేదంట.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. సంచిలోంచి సన్నాయి తీసి, దాని కొసనున్న రెల్లు పీక పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు. గాలి సందులోంచి బుస్సుమంది. మళ్ళీ ఊదాడు. స్వరం పుట్టలేదు.

“ధర్మానికైనా సరే బాబూ, ఇప్పుడెట్టండి సిమెంటు.”

“పెట్టడానికి పన్నేదయ్యా!” అన్నాను. ఆ మాట అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

ఒక కట్టుడుపన్ను చేసి పెట్టాను. అన్నం తినడానికి పనికొచ్చింది, ఊదితే కదిలిపోయేది. ఆ మాఘంలో కుదుర్చుకున్న పెళ్ళిళ్ళన్నీ వేరేవాళ్ళకు పోయాయి. తరవాత అతను సన్నాయి ముట్టలేదని విన్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అప్పట్నుంచి కార్డు చూపించిన ప్రతివాణ్ణీ, ఏమేమి ఇవ్వరో ముందు అడిగి రమ్మని పంపేవాణ్ణి. బుద్ధిగా వెళ్ళి అడిగొచ్చేవారు. ఫిల్లింగు లేదు, నొప్పి ముదిరాక వస్తే పీకుతామన్నారని చెప్పేవారు.