‘అయిపోయింది’ అనకూడని వార్డు

మొన్న పొద్దున, నాతోపాటు నర్సు ట్రెయినింగు చేసిన స్నేహితురాలు ఫోన్ చేసి, "సిస్టరమ్మది అయిపోయిందే" అన్నది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఏం అయిపోయింది? సక్కగ చెప్పు" అనే. అది ఏడుస్తూనే నవ్వింది. "ఇంకా పోలేదానె నీకు ఆ భయం? సచ్చిపోయిందే. నిద్రలనే."

సిస్టరమ్మ మా ట్యూటరు. కోస్తా మనిషి. తార్నాకలో అద్దెకుంటూ, యూనివర్సిటీ క్యాంపస్ పక్కనున్న ఆసుపత్రిలో మాకు పని నేర్పేవారు. తలనొప్పి మాత్ర వేసుకున్నా దాని పేరు పైకి చదివి వేసుకునేవారు. అవి అరవైల చివరి రోజులు. నేను ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని. తాళమేసిన మందుల బీరువాను చూసినా, మేట్రన్‌గారి చెప్పుల చప్పుడు విన్నా వణుకే. "భయపడవే, పరవాలేదు. భయమున్నవాళ్ళు మందు పేరు రెండుసార్లు చదువుతారు" అనేవారు సిస్టరమ్మ.

ఆ ఏడు క్యాంపస్‌లో ప్రత్యేక తెలంగాణ గొడవలు. కాలు విరిగిన ఎం.ఏ. విద్యార్థిని మా వార్డుకు తెచ్చారు. నొప్పికి డాక్టరు పెథిడిన్ రాశారు. మత్తు మందు అది. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. స్టాఫ్ నర్సు పక్కన నిలబడితే నేనే సూది ఇచ్చాను. తిని వచ్చి రిజిస్టరులో రాద్దామని ఆమె అన్నానికి వెళ్ళింది.

ఇంతలో సిస్టరమ్మ వచ్చి, "ఆ అబ్బాయి పెథిడిన్ ఏమైంది?" అని అడిగారు.

"అయిపోయింది సిస్టర్" అన్నాను.

ఇచ్చేశామని నా ఉద్దేశం. వార్డులో మందు నిండుకుందని ఆవిడ అనుకున్నారు. పక్క వార్డు నుంచి చిన్న గాజు సీసా ఒకటి తెచ్చి, తెరిచి, సిరంజిలోకి తీసుకున్నారు. మంచం మీది మనిషికి చెప్పకుండా ఆవిడ ఎప్పుడూ సూది వేయలేదు. "బాబూ, పెథిడిన్ ఇస్తున్నాను" అన్నారు.

ఆ అబ్బాయి మత్తుగా కళ్ళు తెరిచి, "మల్లనా సిస్టర్? ఇందాకనే పొడిసిండ్రు గదా. నన్నేమన్న జల్లెడ చేస్తుండ్రా?" అన్నాడు.

సిరంజి గాలిలోనే ఆగింది. నీళ్ళ జగ్గుతో గుమ్మంలో నిలబడ్డ నాకు అప్పుడు అర్థమైంది. ఆ రెండో సూది గనక పడి ఉంటే... ఇప్పటికీ ఈ మాట పూర్తి చేయలేను.

అబ్బాయి బతికాడు. కానీ తెరిచిన మందు ఒకటి మిగిలింది, ఎవరికీ ఇవ్వనిది. అలాంటివి బయట అమ్ముకుంటారని అనుమానం ఉండేది. లెక్క తేలకపోతే ముందు ట్రెయినింగు పిల్లల్నే ఇంటికి పంపేవారు. నన్ను పంపేస్తే ఊళ్ళో దొంగ అంటారు.

స్టాఫ్ నర్సు మెల్లగా, "చెయ్యి జారి పగిలిపోయిందని రాద్దాం సిస్టర్. గంతే. ఎవ్వలడుగుతరు?" అన్నది.

"పగిలిపోయిందట, అయిపోయిందట! మందుకేమైనా కాళ్ళున్నాయా, దానంతటది పోవడానికి? తెరిచింది నేను. అదే రాస్తాను" అన్నారు సిస్టరమ్మ. మా ఇద్దరినీ చూస్తుండమని ఆ మందు పారబోసి, నన్ను వెంటబెట్టుకుని మేట్రన్‌గారి గదికి నడిచారు.

"మొదటి సూది ఎవరిచ్చారు?" అని మేట్రన్‌గారు అడిగారు.

"నేను... ఇచ్చిన."

"ఇచ్చిన? ఇచ్చిన ఏమిటి? పూర్తిగా చెప్పు."

మా ఊళ్ళో ఆ మాటకు మిగిలిన ముక్క లేదు. కోస్తావాళ్ళు మా మాటను వెక్కిరిస్తారని బయట కొట్టుకుంటున్న రోజులవి. అప్పుడు సిస్టరమ్మ అన్నారు: "అది పూర్తి వాక్యమేనండి. నేను ఇచ్చాను అంటోంది. ముందు నాకు వేరేలా చెప్పింది, నేను రెండోసారి అడగలేదు. నా పేరే రాయండి."

నా సీటు నిలిచింది. ఆవిడకు పైనుంచి ఏదో కాగితం వచ్చింది, ఏముందో మాకు చెప్పలేదు. మర్నాటి నుంచి వార్డులో ఎవరైనా ‘అయిపోయింది’ అంటే చాలు, అన్నం గురించైనా సరే, "ఎవరు తిన్నారు?" అని సిస్టరమ్మ పట్టుకునేవారు. నా ఉద్యోగమంతా ‘ఇచ్చిన’ అని నా పేరు చెప్పుకుంటూనే గడిపాను, భయపడుతూనే.

ఫోన్ వచ్చినప్పటి నుంచి నా కళ్ళముందు ఆనాటి మేట్రన్‌గారి గది బయటి వరండానే ఉంది. మా వెనక తలుపు మూసుకుంది. నేను ఏడుస్తున్నాను. "ఇంక భయమెందుకే?" అన్నారు సిస్టరమ్మ, మామూలు గొంతుతోనే. ఆవిడ ఒక్క అడుగైనా వేయకుండా అక్కడే నిలబడి ఉన్నారు. నడుముకు దోపుకున్న తాళాలగుత్తి మాత్రం వణుకుతూ గలగలమంటూనే ఉంది.